సరిహద్దు కాపలాకూ ఒక పెద్ద చదువు

పల్లె యువకులు, వారి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

తాడేపల్లిగూడెం (మా విలేఖరి):

"చేను కాసేవాడికి చదువెందుకండీ? చేతిలో కర్ర, కంట్లో నిద్ర లేకపోతే చాలదా?"

కాలువ గట్టున ఉన్న ఒక గ్రామంలో రావిచెట్టు అరుగు మీద ఆ సాయంత్రం ఒక రైతు వేసిన ప్రశ్న ఇది. ఆయనకున్నది రెండెకరాల పొలం. ఒక్కగానొక్క కొడుకు బి.ఎ. పూర్తి చేసి ఏడాది అయింది. ఆ కుర్రవాడు పట్నం నుంచి ఒక రంగుల పుస్తకం తెచ్చాడు. అట్ట మీద విమానం, ఓడ, తుపాకి పట్టిన జవాను బొమ్మలున్నాయి. "రక్షణ, భద్రతా యాజమాన్యంలో పోస్టు గ్రాడ్యుయేట్ చదువు. ఏడాదిలో పూర్తి. వెంటనే ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో అధికారి ఉద్యోగం" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. ఫీజు లక్షా యాభై వేలు. అయిదు వేలు ముందుగా కట్టేసి వచ్చాడు కూడా. మిగతా సొమ్ము కోసం అర ఎకరం తాకట్టు పెట్టాలా వద్దా అన్నదే ఆ రోజు రచ్చబండ మీద తేలవలసిన విషయం.

రైతు ప్రశ్నకు అదే ఊళ్లో ఉంటున్న విశ్రాంత సుబేదారు గారు జవాబు చెప్పారు. "నీ రెండెకరాలు కాయడానికి కర్ర చాలును బావా. ఊరందరి చేలూ కాయాలనుకో. వందమంది కావలివాళ్లు కావాలి. ఎవడు ఏ గట్టు మీద ఉండాలి, ఎవడికి ఎప్పుడు అన్నం పంపాలి, లాంతర్లు ఎన్ని, కిరసనాయిలు ఎంత, దొంగ ఏ దారిన రావచ్చు, వీటన్నిటికీ ఖర్చెంత? ఇది చూసేవాడికి చదువు కావాలా, అక్కర్లేదా?" అన్నారాయన. రైతు తల ఊపారు. "అయితే ఈ పుస్తకంలో ఉన్న చదువు అదేనంటావా?" అని అడిగారు. సుబేదారు గారు పుస్తకం తిరగేసి చూసి, "అది మాత్రం కనుక్కోవాలి" అన్నారు.

పశ్చిమ గోదావరి జిల్లాకు సైన్యం కొత్త కాదు. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషులను పంపుతూ 'మిలిటరీ మాధవరం' అనే పేరే తెచ్చుకుంది. చుట్టుపక్కల ఊళ్లలోనూ పింఛను తీసుకుంటున్న మాజీ సైనికులు, పరుగు పందాలు తీస్తూ భర్తీల కోసం ఎదురు చూసే కుర్రవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. సైన్యంలో చేరడం గురించి తెలిసినంతగా సైన్యం గురించిన చదువు మన పల్లెల్లో తెలియదు. ఆ వివరాలను ఈ విలేఖరి సేకరించి పాఠకుల ముందుంచుతున్నాడు.

ఏమిటీ చదువు?

ఈ చదువుకు రెండు శాఖలున్నాయి. మొదటిది రక్షణ, వ్యూహాత్మక అధ్యయనం. విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎ. లేదా ఎం.ఎస్సీ.గా బోధించేది ఎక్కువగా ఇదే. యుద్ధాలు ఎందుకు వచ్చాయి, ఎలా నడిచాయి, ఎలా ముగిశాయి అన్న చరిత్ర, కౌటిల్యుడు మొదలుకొని చైనా సన్ జూ, జర్మనీ క్లాజ్‌విట్జ్ వరకు యుద్ధం గురించి ఆలోచించిన వారి సిద్ధాంతాలు, పొరుగు దేశాలతో సంబంధాలు, యుద్ధంలో గాయపడినవారిని, బందీలను ఎలా చూడాలో చెప్పిన 1949 నాటి జెనీవా ఒప్పందాలు, దేశం తన ఆదాయంలో రక్షణకు ఎంత కేటాయించాలన్న అర్థశాస్త్రం, అంతర్గత భద్రత, కంప్యూటర్ల ద్వారా జరిగే దాడులు, ఇవన్నీ అందులో పాఠాలు.

రెండవది రక్షణ యాజమాన్యం. ఇది లెక్కల చదువు. సరుకు నిల్వ, రవాణా, మనుషుల కేటాయింపు, బడ్జెట్టు, ఆయుధాల కొనుగోలు, పెద్ద పనులను గడువులో పూర్తి చేయడం ఇందులోకి వస్తాయి.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. లడఖ్‌కు కాశ్మీరు వైపు నుంచి వెళ్లే దారిలో జోజిలా అనే కనుమ ఉంది. చలికాలంలో మంచు పడి ఆ దారి మూతపడుతుంది. అందుకని అక్కడి దళాలకు చలికాలమంతటికీ కావలసిన బియ్యం, పప్పు, కిరసనాయిలు, మందులు, చలి దుస్తులు, తూటాలు వేసవిలోనే లారీల మీద చేరవేసి నిల్వ చేస్తారు. తక్కువ పంపితే జవాను పస్తుండాలి. ఎక్కువ పంపితే పాడైపోతుంది, అది ప్రజల సొమ్ము. ఎంత పంపాలి, ఏ ఎత్తులో ఉన్న శిబిరానికి ఏది ముందు చేరాలి, ఎన్ని లారీలు, ఎన్ని కంచర గాడిదలు, ఎన్ని హెలికాప్టర్లు కావాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని లెక్క కట్టాలి.

మన ఇళ్లలో ఆడవాళ్లకు ఈ విద్య తెలియనిది కాదు. వానలు పట్టకముందే పొయ్యిలోకి కట్టెలు చేర్చుకోవడం, ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు ఎండబెట్టి జాడీలకెత్తడం, విత్తనాలు విడిగా కట్టి దాచడం ఈ లెక్కే. ఒక ఇంటికి చేసేది లక్షలమందికి చేయవలసి వచ్చినప్పుడు అది శాస్త్రమవుతుంది.

మన దేశానికి భూ సరిహద్దు 15 వేల కిలోమీటర్ల పైచిలుకు ఉంది. దానికి తోడు పొడవైన సముద్ర తీరం. 2008 నవంబరు 26న బొంబాయి మీద దాడి చేసిన పదిమంది వచ్చింది సముద్రం మీదుగానే. ఒక చేపల పడవను పట్టుకుని అందులో వచ్చారు. ఆ తరువాతనే తీరం పొడవునా మెరైన్ పోలీసు స్టేషన్లు పెరగడం, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు ఇవ్వడం, పడవలకు రిజిస్ట్రేషన్ పట్టుదలగా అమలు చేయడం జరిగాయి. నరసాపురం వైపు వేటకు వెళ్లే మత్స్యకారుడి జేబులోని కార్డు కూడా ఈ చదువులో ఒక పాఠమే.

రాజుల కాలం నుంచీ ఉన్నదే

ఇది తెల్లవాళ్లు తెచ్చిన విద్య అనుకుంటే పొరపాటు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రాజ్యానికి ఏడు అంగాలు చెప్పింది. రాజు, మంత్రులు, జనపదం, దుర్గం, కోశం, సైన్యం, మిత్రుడు. సైన్యానికి ముందు ఖజానాను చెప్పడం గమనించదగినది. జీతం ముట్టని సైన్యం యుద్ధం చేయదని ఆయనకు తెలుసు.

మన తెలుగులో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు కొడుక్కి చెప్పిన రాజనీతిగా ఎన్నో సంగతులు చెప్పించారు. దూరదేశాల నుంచి ఓడల మీద ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులను ఆదరించాలని, వారికి మంచి ధర ఇచ్చి తన దగ్గరే అమ్మేటట్లు చూసుకోవాలని, ఆ గుర్రాలు, ఏనుగులు శత్రువు చేతికి పోకూడదని అందులో ఉంది. నేటి మాటల్లో చెప్పాలంటే అది ఆయుధాల కొనుగోలు విధానం. యుద్ధాలు నడిపిన రాజు రాసిన మాట కనుక దానికి విలువ ఎక్కువ.

స్వతంత్రం వచ్చిన తరువాత ఈ చదువు అవసరాన్ని మనకు గట్టిగా తెలియజెప్పింది 1962లో చైనాతో జరిగిన యుద్ధం. చలి దుస్తులు చాలక, దారులు సరిగా లేక, సరఫరాలు అందక మన జవానులు పడిన బాధలు ఆనాటి పెద్దలకు ఇప్పటికీ గుర్తే. ధైర్యం లోపించి కాదు, ఏర్పాటు లోపించి దెబ్బ తిన్నామన్న గుణపాఠం అప్పుడు నేర్చుకున్నారు. 1964 నుంచి రక్షణకు అయిదేళ్ల ప్రణాళికలు వేయడం మొదలైంది. రక్షణ విషయాల మీద పరిశోధనకు 1965లో ఢిల్లీలో ఒక సంస్థ వెలిసింది. నేడు దానిని మనోహర్ పారికర్ రక్షణ అధ్యయన, విశ్లేషణ సంస్థ అంటున్నారు.

హైదరాబాదు పక్కనే

ఈ చదువుకు దేశంలో పేరెన్నికగన్న చోటు ఒకటి తెలుగునేల మీదే ఉన్నదన్న సంగతి మన వారిలో చాలామందికి తెలియదు. సికింద్రాబాదులోని సైనిక్‌పురిలో ఉన్న రక్షణ యాజమాన్య కళాశాలయే అది. 1970లో ఒక సంస్థగా మొదలై, 1980లో కళాశాల అని పేరు మార్చుకుంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడింటికీ చెందిన సీనియర్ అధికారులు ఇక్కడ ఒకే తరగతిలో కూర్చుని చదువుకుంటారు. స్నేహ దేశాల అధికారులు కూడా వస్తారు. ఉన్నత రక్షణ యాజమాన్య కోర్సు 44 వారాలు నడుస్తుంది. పూర్తి చేసినవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయం యాజమాన్య శాస్త్రంలో మాస్టరు పట్టా ఇస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బయటి విద్యార్థులు దరఖాస్తు పెట్టుకుని చేరే కళాశాల కాదది. ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి, దళాలను నడిపి, ఇంకా పెద్ద బాధ్యతలకు వెళ్లబోయే అధికారులకు ప్రభుత్వం ఎంపిక చేసి పంపే చోటు. అలాగే నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న స్టాఫ్ కళాశాలలో మద్రాసు విశ్వవిద్యాలయం ఎం.ఎస్సీ. పట్టా, 1960లో ఢిల్లీలో నెలకొల్పిన జాతీయ రక్షణ కళాశాలలో అదే విశ్వవిద్యాలయం ఎం.ఫిల్. పట్టా ఇస్తూ వచ్చాయి. వాటిలోనూ చేరేది ఉద్యోగంలో ఉన్న అధికారులే. కనుక "ఆ కళాశాలలో సీటు ఇప్పిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమని వెంటనే గ్రహించాలి.

ఇంత అనుభవం ఉన్న అధికారిని మళ్లీ బెంచీ మీద ఎందుకు కూర్చోబెడతారు? సుబేదారు గారు దీనికి కూడా తమ తీరులో సమాధానం చెప్పారు. "నాగలి పట్టినవాడికి ఒక చాలు తెలుస్తుంది. కాలువ కింద ఉన్న పది ఊళ్లకూ నీరు ఎలా పంచాలో లస్కరుకు, ఇంజనీరుకు తెలియాలి. చాలు తెలియని ఇంజనీరూ పనికిరాడు, పంపకం తెలియని రైతూ పెత్తనానికి పనికిరాడు" అన్నారు.

పల్లె విద్యార్థి చదవాలంటే

బయటి విద్యార్థులకు ఈ విషయంలో ఎం.ఎ., ఎం.ఎస్సీ. చెప్పే విశ్వవిద్యాలయాలు దేశంలో ఉన్నాయి. మద్రాసు, పూనా, పంజాబ్, అలహాబాదు విశ్వవిద్యాలయాలు వీటిలో పేర్కొనదగినవి. గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర ఉన్న రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం 2020లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అంతకు ముందు అది రక్షా శక్తి అనే పేరుతో రాష్ట్ర విశ్వవిద్యాలయంగా ఉండేది. పోలీసు పని, అంతర్గత భద్రత, తీరప్రాంత భద్రత వంటి విషయాలు అక్కడ బోధిస్తారు. ఏదైనా విషయంలో డిగ్రీ పాసైనవారిని చాలాచోట్ల ఎం.ఎ.కు తీసుకుంటారు. అయితే ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క నిబంధన ఉంటుంది. ప్రకటన చదివి చూసుకోవాలి.

ఈ చదువు చదివితే ఏమవుతారు? ఇక్కడే మన పిల్లలు తప్పుదారి పడుతున్నారు. ఎం.ఎ. రక్షణ శాస్త్రం చదివినంత మాత్రాన సైన్యంలో అధికారి కారు. అధికారి కావడానికి దారులు వేరు. ఇంటర్మీడియట్‌తో జాతీయ రక్షణ అకాడమీ పరీక్ష, డిగ్రీతో కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష ఉన్నాయి. రెండింటినీ కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషనే నిర్వహిస్తుంది. ఎన్.సి.సి.లో 'సి' సర్టిఫికెట్టు ఉన్న పట్టభద్రులకు ప్రత్యేక ప్రవేశం కూడా ఉంది. ఏ దారిన వెళ్లినా సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష నెగ్గాలి. వయసు మీరితే ఎంత చదివినా లాభం లేదు. ఎం.ఎ. చదువుతూ పరీక్ష వయసు దాటబెట్టుకున్న కుర్రవాళ్లు ఉన్నారు.

ఆడపిల్లలకు కూడా ఈ తలుపు తెరుచుకుంది. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశం తరువాత జాతీయ రక్షణ అకాడమీ పరీక్షకు అమ్మాయిలను అనుమతించారు. 2022లో చేరిన మొదటి జట్టులోని 17 మంది 2025 మేలో శిక్షణ పూర్తి చేసి బయటికి వచ్చారు. ఇంటర్ చదువుతున్న ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి తెలియవలసి ఉంది.

ఇక ఎం.ఎ. వల్ల నిజంగా కలిగే ప్రయోజనాలు చెప్పుకుందాం. యు.జి.సి. జరిపే నెట్ పరీక్షలో రక్షణ, వ్యూహాత్మక అధ్యయనం ఒక విషయంగా ఉంది. అది నెగ్గితే అధ్యాపక పదవికి అర్హత, మంచి మార్కులు వస్తే పరిశోధనకు వేతనం లభిస్తాయి. పరిశోధన సంస్థల్లో, పత్రికల్లో, పెద్ద కర్మాగారాల భద్రతా విభాగాల్లో పని దొరికే అవకాశం ఉంది. సివిల్ సర్వీసు ప్రధాన పరీక్షలో ఇది ఐచ్ఛిక విషయం కాదు గాని, జనరల్ స్టడీస్ మూడవ పేపరులో అంతర్గత భద్రత, విపత్తుల నిర్వహణ ఉన్నాయి కనుక చదివింది అక్కరకు వస్తుంది. అంతకు మించి "చదువు పూర్తి కాగానే అధికారి ఉద్యోగం" అనే మాటలో నిజం లేదు.

ఇరవై రెండేళ్ల కొలువు తరువాత

అరుగు మీద ఆ రోజు మరొకాయన కూడా ఉన్నారు. ఇంటర్ పాసై పంతొమ్మిదవ ఏట సైన్యంలో చేరి, ఇరవై రెండేళ్లు పనిచేసి నాయక్‌గా విరమించారు. లడఖ్ చలి, రాజస్థాన్ ఎండ రెండూ చూశారు. ప్రస్తుతం ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో కావలివారి మీద సూపర్‌వైజరు.

ఆయనకు ఈ చదువు మీద ఎప్పటినుంచో మోజు. పదిహేనేళ్లు సర్వీసు పూర్తిచేసిన మెట్రిక్ పాసైన జవానులకు పట్టభద్రులతో సమానమంటూ ఒక పత్రం ఇస్తారు. అది చూపి ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎ.కు దరఖాస్తు పెట్టారు. తిరిగి వచ్చింది. "పట్టభద్రుడితో సమానమని మీ ప్రభుత్వమే కదా ఇచ్చింది" అని అడిగితే, ఆ పత్రం గ్రూప్ 'సి' ఉద్యోగాలకు అర్హత కోసమేనని, పై చదువుకు మూడేళ్ల డిగ్రీ ఉండవలసిందేనని చెప్పారు.

"ఆ కాగితం పెట్టెలో పెట్టుకుని ఏడేళ్లు పట్టభద్రుణ్నే అనుకున్నానండి. ఉద్యోగంలో ఉండగా ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే, ఆ బారకాసుల్లో కూర్చునే డిగ్రీ కట్టి ఉండేవాణ్ని" అని ఆయన అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నలభై మూడేళ్ల వయసులో దూరవిద్య ద్వారా బి.ఎ. రెండవ సంవత్సరం చదువుతున్నారు. పెద్ద కూతురు ఇంటర్ పుస్తకాలతో, తండ్రి బి.ఎ. పుస్తకాలతో ఒకే దీపం కింద కూర్చుంటున్నారు.

ఆయన పనిచేసే చోట చూసిన ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు అక్కడ కావలివాళ్లు ఆరుగురూ గేటు దగ్గరే కూర్చునేవారు. డీజిలు డ్రమ్ములు వెనుక గోడ వైపు ఉండేవి. డీజిలు తరుగు పోతూనే ఉండేది. నాయక్ గారు వచ్చాక ఆవరణ పటం గీసి, ఏ గంటలో ఎవరు ఎక్కడ ఉండాలో చార్టు వేశారు. గంట గంటకూ నాలుగు మూలలా సంతకం పెట్టే పుస్తకాలు కట్టారు. నిప్పు ఆర్పే సిలిండర్ల గడువు తేదీలు సరిచూశారు. అదనంగా ఒక్క మనిషిని పెట్టలేదు. తరుగు ఆగిపోయింది. సైనిక్‌పురిలో కర్నల్ గారు నేర్చుకునే విద్యకు, ఈ చార్టుకు మూలం ఒకటేనని ఈ విలేఖరికి అనిపించింది.

కావలి ఉద్యోగాలకు కూడా చట్టం ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం 2005లో వచ్చింది. లైసెన్సు లేకుండా ఎవరూ ఇటువంటి సంస్థ నడపరాదు. 2006 నాటి నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల బయటి శిక్షణ ఇవ్వాలి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటలు, 16 గంటలు చాలునని అందులో ఉంది. యూనిఫారం తొడిగి, విజిలు చేతికిచ్చి, మర్నాడే గేటు దగ్గర నిలబెడుతున్న చోట్ల ఈ శిక్షణ ఏమైందని అడిగే హక్కు ఆ కుర్రవాళ్లకు ఉంది.

నాలుగేళ్ల కొలువు వారి మాటేమిటి?

ఈ విషయం ఇప్పుడు ఇంత ముఖ్యం కావడానికి మరో కారణం ఉంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం చేరిన కుర్రవాళ్ల కొలువు నాలుగేళ్లు. అందులో 25 శాతం వరకు మాత్రమే కొనసాగిస్తారన్నది ఆనాడు చెప్పిన నియమం. మిగిలినవారు సేవానిధిగా సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు తీసుకుని, పాతికేళ్లు నిండీ నిండకుండానే ఇంటికి వస్తారు. పింఛను ఉండదు.

వారికోసం ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. పదవ తరగతితో చేరినవారు జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పన్నెండవ తరగతి పూర్తి చేయవచ్చు. పన్నెండు చదివినవారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం మూడేళ్ల డిగ్రీ కోర్సు రూపొందించింది. ఆ డిగ్రీకి కావలసిన మార్కుల్లో సగం కొలువులో పొందిన శిక్షణకే ఇస్తారు. ఈ డిగ్రీతో పై చదువుకు వెళ్లవచ్చు. నాయక్ గారికి అడ్డుపడిన గోడ వీరికి ఉండదన్న మాట.

అయితే ఇది తనంతట వచ్చి ఒళ్లో పడదు. కొలువులో ఉండగానే పేరు నమోదు చేసుకోవాలి, పరీక్షలు రాయాలి. కొడుకు సెలవులో ఇంటికి వచ్చినప్పుడు "జీతం ఎంత మిగిల్చావు?" అని అడిగే తల్లిదండ్రులు "డిగ్రీకి కట్టావా?" అని కూడా అడగాలి. పదకొండు లక్షలు ఇల్లు కట్టేసరికి అయిపోతాయి. పట్టా అలా కాదు.

పింఛనుకు వచ్చే పాత తరం జవానులకు కూడా దారి ఉంది. రక్షణ శాఖ కింద పునరావాస డైరెక్టరేటు జనరల్ అనే విభాగం, విరమణకు ముందు చివరి కాలంలో భద్రత, యాజమాన్యం వంటి విషయాల్లో శిక్షణ ఇప్పిస్తుంది. వివరాలు యూనిట్ కార్యాలయంలోను, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోను అడగవచ్చు. అడిగినవారికే తెలుస్తుంది.

తుపాను చెప్పిన పాఠం

భద్రత అంటే తుపాకి మాత్రమే అనుకోనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయారు. ముందుగా కబురు అందించే ఏర్పాటు, తరలించే ఏర్పాటు నాడు అంతంతమాత్రం. 2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. జాతీయ విపత్తు స్పందన దళం ఏర్పడింది. దాని పదవ బెటాలియను కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు లక్షలమందిని ముందే తరలించారు. గాలి తీవ్రత భయంకరమే అయినా ప్రాణనష్టం దివిసీమతో పోల్చరానంత తక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పడవలతో వచ్చినవారిలో ఈ దళం వారూ ఉన్నారు.

ఏ ఊరికి ఎన్ని బస్సులు, ఏ బడిలో ఎంతమంది, పాలు, మంచినీరు ఎన్ని పొట్లాలు అని లెక్క కట్టి పెట్టినవాడు టీవీలో కనిపించడు. ఈ చదువు తయారుచేయవలసింది అటువంటివాణ్ని.

నాలుగు ప్రశ్నలు

మళ్లీ రావిచెట్టు అరుగు దగ్గరికి వద్దాం. మరునాడు ఉదయం మొదటి బస్సుకు సుబేదారు గారు, ఆ రైతు, కుమారుడు పట్నం వెళ్లారు. ఈ విలేఖరి కూడా వెంట ఉన్నాడు. మేడ మీద రెండు గదులు, ఒక ఏసీ, గోడ మీద విమానం బొమ్మ. సుబేదారు గారు కాగితం మీద రాసుకుని వచ్చిన నాలుగు ప్రశ్నలు అడిగారు.

ఒకటి: పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? అది యు.జి.సి. జాబితాలో ఉందా?

రెండు: దూరవిద్య అయితే ఆ కోర్సుకు ఈ ఏడాదికి అనుమతి ఉందా? ఆ కాగితం చూపగలరా?

మూడు: ఇది రెండేళ్ల ఎం.ఎ. పట్టానా, లేక డిప్లొమా సర్టిఫికెట్టా?

నాలుగు: నిరుడు చదివినవారిలో ఓడరేవులో పని దొరికిన ఒక్కరి పేరు, ఊరు చెప్పగలరా?

మొదటి ప్రశ్నకు ఒక విదేశీ సంస్థ పేరు చెప్పారు. రెండవదానికి "అవన్నీ తరువాత వస్తాయి" అన్నారు. మూడవదానికి "ఎం.ఎ.తో సమానమే" అన్నారు. నాయక్ గారి పెట్టెలోని కాగితం అందరికీ గుర్తొచ్చింది. నాలుగవదానికి జవాబు లేదు. కట్టిన అయిదు వేలు తిరిగి ఇవ్వరట. నిబంధనల్లో ఉందట. సుబేదారు గారు రసీదు మాత్రం జాగ్రత్త చేయమన్నారు. వినియోగదారుల కమిషనుకు అర్జీ పెట్టే ఆలోచన ఉంది.

విశ్వవిద్యాలయాల జాబితా యు.జి.సి. వారి వద్ద అందరికీ అందుబాటులో ఉంటుంది. గుర్తింపు లేని నకిలీ విశ్వవిద్యాలయాల పేర్లు కూడా వారే ప్రకటిస్తుంటారు. సెల్‌ఫోను ఉన్న ఏ కుర్రవాడైనా పది నిమిషాల్లో చూసుకోవచ్చు. అర ఎకరం తాకట్టు పెట్టే ముందు ఆ పది నిమిషాలు వెచ్చించాలి.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ కుర్రవాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపటికి సుబేదారు గారిని అడిగాడు. "బాబాయి గారూ, నాకిప్పుడు ఇరవై రెండు. ఆ అధికారుల పరీక్షకు ఇంకా వయసుందంటారా?"

"ఉంది. మరీ ఎక్కువ లేదు. రేపట్నుంచి పొద్దున్నే లే. లెక్కలూ ఇంగ్లీషూ చూసుకో. నెగ్గితే యాజమాన్యం చదువు వాళ్లే చెప్పిస్తారు, జీతమిచ్చి మరీ. నెగ్గకపోతే మద్రాసో పూనాయో వెళ్లి అసలైన ఎం.ఎ. చదువుదువుగాని. అప్పుడు అడుగు, నేనే వచ్చి చేర్పిస్తాను."

తండ్రి మాట్లాడలేదు. ఊరి మలుపులో బస్సు దిగాక, కాలువ అవతల కోతకొచ్చిన తన పొలం వంక ఒకసారి చూసుకుని నడక సాగించారు. పట్టాదారు పాసు పుస్తకం ఆయన కండువా మూటలో భద్రంగానే ఉంది.

జిల్లాలోని కళాశాలల్లో, పంచాయతీ కార్యాలయాల్లో ఇటువంటి కోర్సుల వివరాలు, గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాల జాబితా బోర్డు మీద పెడితే ఎందరో తండ్రులకు ఆ బస్సు ప్రయాణం తప్పుతుంది. సైనిక సంక్షేమ శాఖవారు మిలిటరీ మాధవరం వంటి గ్రామాల్లో ఏడాదికి ఒకసారైనా సమావేశం పెట్టి, జవానులకు డిగ్రీ సంగతి, యువకులకు పరీక్షల సంగతి చెప్పాలని మాజీ సైనికులు కోరుతున్నారు. దేశానికి మనుషులను ఇస్తున్న ఊళ్లకు ఆ మాత్రం సమాచారం ఇవ్వడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.